బాతుగుడ్లు, పిండి, చవుటి నీళ్ళు

సాండకాన్
4 మార్చి 1971

అక్కా,

మేమంతా ఇక్కడ కులాసా అని రాయబోయి కలం ఆపాను. కులాసాగా లేం. ఒంట్లో ఎవరికీ ఏమీ లేదులే, కంగారు పడకు. కానీ పది రోజులుగా ఈ ఇంట్లో భయం కాపురం పెట్టింది.

మా అత్తగారికి వచ్చే జూన్‌లో డెబ్బై నిండుతాయి. కొత్త సంవత్సరం వెళ్ళాక కొండమీది గుడికి వెళ్తే, అక్కడ పూనకం వచ్చే ముసలాయన ఈవిడ చెయ్యి పట్టుకుని "డెబ్బై గడప దాటడం కష్టం" అన్నాట్ట. అప్పట్నుంచీ ఆవిడ సరిగా తినడం లేదు. నిన్న నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పింది: "పుట్టినరోజు నూడుల్స్ ఇంట్లోనే చెయ్యాలి. కోడలి చేత్తో చెయ్యాలి. పోగు ఎంత పొడుగో ఆయుష్షు అంత, నా గిన్నెలో ఒక్కటి కూడా తెగకూడదు. తెగిందా, ఇంక నేను లేనట్టే."

కొట్లో మంచివి దొరుకుతాయి కదా అన్నాను. "నూడుల్స్ వాళ్ళ పిల్ల అని అడిగి మరీ చేసుకున్నాం. పదకొండేళ్ళయింది, ఒక్క పోగు చేసి పెట్టిన పాపాన పోలేదు" అంది. ఏం చెప్పను? నాన్న మా అక్కని వెదురు మీద కూచోబెట్టాడు, నన్ను బళ్ళో కూచోబెట్టాడు అని చెప్పనా?

నాకు నిజంగానే భయంగా ఉందక్కా. పోగు తెగి, తర్వాత ఆవిడకి ఏదైనా అయితే, కిన్ వా నా మొహం చూస్తారా? ఆయన నది ఎగువన కలప కొట్టే చోట ఉన్నారు, రెండు నెలలకోసారి వస్తారు. ఇంట్లో నేను, ఆవిడ, మన్ యీ. మన్ యీకి నాలుగేళ్ళు నిండాయి. నీకు పంపిన ఫొటోలో ఉన్నట్టు లేదు, పళ్ళన్నీ వచ్చాయి, నోరు ఒక్క క్షణం మూత పడదు. నేనేం చేస్తే అది "నాకూ" అంటుంది.

మొదట్నుంచీ రాయి. పిండి కలపడం దగ్గర్నుంచీ. నాకేమీ తెలియదనుకుని రాయి.

నీ చెల్లెలు
యోక్ లాన్


కంపార్
13 మార్చి 1971

ఒసేయ్ లాన్,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. పెళ్ళయి సముద్రం దాటి వెళ్ళాక నన్ను నువ్వు అడిగిన మొదటి సాయం ఇది. అందులో కూడా ఎత్తిపొడుపే. బళ్ళో కూచోబెట్టాడని ఏడుస్తావా? బడికి పోయావు గనకే అంత గుండ్రంగా రాస్తున్నావు. నా రాత చూడు, తడికాళ్ళతో బాతు నడిచినట్టుంది.

రాస్తున్నాను, చూసుకో. ఒక కాటీ తూకం పిండికి, అంటే అరకిలో పైచిలుకు, నాలుగు బాతుగుడ్లు. కోడిగుడ్డు వద్దు, దానికి అంత రంగూ ఉండదు, బలమూ ఉండదు. నీళ్ళు చుక్క కూడా పొయ్యకు. నీకు పొయ్యాలనిపిస్తుంది, ఎందుకంటే కలిపినప్పుడు ముద్ద కట్టదు, ఇసకలా రాలుతుంది. భయపడి నీళ్ళు పోశావా, అంతా పాడు. అలాగే నొక్కు. తడిగుడ్డ కప్పి గంటసేపు వదిలెయ్యి. గంటకి అది మాట వింటుంది.

ఇంక చవుటి నీళ్ళు. మందుల కొట్లో చవుటి పలుకులు అమ్ముతారు, చూడ్డానికి పటికబెల్లంలా ఉంటాయి. కాచిన నీళ్ళలో కరిగించి, తేట వంచి, మందపాటి గాజుసీసాలో పోసి బిరడా బిగించు. చిక్కగా చేసుకో. కాటీ పిండికి చిన్న చెంచాడు, గుడ్లతో పాటే. అది లేకపోతే నూడుల్స్ వేడినీళ్ళలో పడగానే గంజి అయిపోతాయి. గోరు పక్కన చీరుకుని ఉంటే మండుతుంది, కడుక్కో. ఆ సీసా నీ కాలి పక్కనే పెట్టుకో. పిండి చేతులతో లేచి వెతుక్కుంటే కొలత తప్పుతుంది. నాది ఇరవై ఏళ్ళుగా కాలి పక్కనే ఉంటుంది.

వెదురు కిన్ వాని పంపమను, కలప మనిషేగా. పిక్కంత లావుండాలి. ఒక కొస గోడకి కొట్టిన ఇనప కడియంలో దూర్చు. రెండో కొస మీద ఒక తొడ వేసి కూచుని ఎగురు. వెదురు కింద పిండి. ఎగురుతూ అంగుళం అంగుళం జరుగు, మడత పెట్టు, మళ్ళీ ఎగురు. పిండి నీ బుగ్గలా నున్నగా అయ్యేదాకా. నాకు రెండుసార్లు కడుపు పోయింది ఈ ఎగరడం వల్లేనని వీధంతా అంటారు. నువ్వు మళ్ళీ నీళ్ళోసుకుని ఉంటే మాత్రం ఎక్కకు. లేకపోతే భయం లేదు.

తర్వాత పలచగా ఒత్తి, కర్రపెండలం పిండి చల్లి, సన్నగా కోసి, ఒక పూట ఆరనివ్వు. చవుటి వాసన పోవాలి. అప్పుడు మరిగే నీళ్ళలో నలభై లెక్కపెట్టు, చన్నీళ్ళలో ముంచు, మళ్ళీ వేడినీళ్ళలో ముంచు. తెగవు.

ఆ గుడి ముసలాయన మాట పట్టుకుని వణకొద్దని మీ అత్తగారికి చెప్పు. అయినా ఆవిడ చెప్తే వింటుందా? మన్ యీకి పెద్దమ్మ ముద్దు పెట్టిందని చెప్పు.

క్వాయ్ హా


సాండకాన్
27 మార్చి 1971

అక్కా,

ఒక్క సంగతి అడగాలి, తొందరగా జవాబు రాయి.

మా పక్కింటి వాళ్ళ పిల్ల చవుటి నీళ్ళు తాగింది. నన్ను చూసి వాళ్ళూ నూడుల్స్ మొదలుపెట్టారు. ఎంత తాగిందో తెలియదు, ఒక గుక్కో, రెండో. పెదాలు వాచాయి, నాలుక తెల్లగా ఉడికిన గుడ్డులా అయింది. లాలాజలం కారుతూనే ఉంది, మింగలేకపోతోంది. ఆసుపత్రిలో ఉంచారు. డాక్టరు ఏమీ తేల్చి చెప్పడు, "చూద్దాం" అంటాడు.

నాన్న రోజుల్లో ఎవరికైనా ఇలా అయిందా? అయితే ఏం చేశారు? బాగయ్యారా? నువ్వు అన్నేళ్ళు ఆ పని చేశావు, నీకు తెలిసుంటుంది. వాళ్ళు నన్ను అడుగుతున్నారు.

ఇక్కడ ఇంకేమీ విశేషాల్లేవు.

లాన్


కంపార్
5 ఏప్రిల్ 1971

లాన్,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది, పిండి చేతులు కడుక్కుని వెంటనే కూచున్నాను. ముందు ఆ పక్కింటివాళ్ళకి చెప్పు, ఎట్టి పరిస్థితిలోనూ వేలు పెట్టి కక్కించకూడదు. దిగేటప్పుడు ఒకసారి కాలుస్తుంది, పైకి వచ్చేటప్పుడు రెండోసారి కాలుస్తుంది. నాన్న నాకు మొదటి రోజే చెప్పాడు. నీకు రాయాల్సింది, తోచలేదు.

అయింది, నాన్న రోజుల్లోనే. మనకి గుడ్లు తెచ్చిచ్చే ఆవిడ కూతురు, అయిదేళ్ళది. నువ్వప్పటికి ఉయ్యాల్లో ఉన్నావు. వారానికి నోరు బాగయింది, ఆడుకుంది కూడా. అందరం బతికి బయటపడిందనుకున్నాం. నెల దాటాక గొంతు లోపల పూడుకుపోయింది. ముందు అన్నం ఆగింది, తర్వాత గంజి ఆగింది, ఆఖరికి మంచినీళ్ళు కూడా ముక్కులోంచి వెనక్కొచ్చేవి. ఆ రోజుల్లో ఆసుపత్రులెక్కడివి? పోయింది. గుడ్ల ఆవిడ మళ్ళీ మన గుమ్మం తొక్కలేదు.

ఇది వాళ్ళకి చెప్పకు. నీకు చెప్తున్నాను, అంతే.

అయినా ఆ తల్లికి బుద్ధుందా? నాలుగైదేళ్ళ పిల్ల తిరిగే ఇంట్లో అలాంటి సీసా చేతికి అందేలా పెడతారా? ఇలాంటి ఆడవాళ్ళకి పిల్లలెందుకిస్తాడో దేవుడు. నువ్వు మన్ యీని ఆ ఇంటివైపు పోనివ్వకు.

నీ పిండి సంగతేమిటి? ముద్ద కట్టిందా? ఒక్క ముక్క రాయలేదు.

క్వాయ్ హా


సాండకాన్
14 ఏప్రిల్ 1971

పక్కింటి పిల్ల కాదు. మన్ యీ.

పక్కింట్లో పిల్లలే లేరు. నా చెయ్యి ఆ పేరు రాయనివ్వలేదు, అందుకని అబద్ధం రాశాను. రాస్తే నిజమైపోతుందనిపించింది.

మార్చి ఇరవై నాలుగు, పొద్దున్న పది గంటలకి. ఒక అరుపు వినిపించింది, తర్వాత అరుపు కూడా లేదు. వెళ్ళి చూస్తే అది నేలమీద కూచుని నోరు తెరిచి నావైపు చూస్తోంది. చుట్టూ ఒలికిన చవుటి నీళ్ళు. అత్తగారు పరుగున వచ్చి దాని నోట్లో వేలు పెట్టి కక్కించింది. నేను తల పట్టుకున్నాను. కక్కించకూడదని నువ్వు రాసిన ఉత్తరం ఇవాళ వచ్చింది. ఇరవై ఒక్క రోజుల తర్వాత!

వారం రోజులుగా ఇంట్లోనే ఉంది. గంజి తాగుతోంది. నిన్న వెదురెక్కుతానని మారాం చేసింది కూడా. బతికి బయటపడిందనుకున్నాం. నువ్వు రాసిన మాటే, అక్కా, అచ్చం అదే మాట. ఇవాళ పొద్దున్న దాని గిన్నెలో గంజి పోసి, పక్కన నీ ఉత్తరం పెట్టుకుని చదివాను. అది మింగిన ప్రతిసారీ దాని మెడవైపే చూశాను. ఇంక చూడకుండా ఉండలేను. నెల దాటాక అన్నావు. ఇంకా పది రోజులుంది. ఈ పది రోజులు నేనెలా బతకాలి?

బుద్ధుందా అని అడిగావు. సీసా కాలి పక్కన పెట్టుకో అని రాసిందెవరు? నువ్వు రాసినట్టే కాలి పక్కన పెట్టాను. ఇరవై ఏళ్ళుగా నీ కాలి పక్కనే ఉందిట! ఎందుకుండదు? నీ ఇంట్లో పాకే బిడ్డ ఉందా, నడిచే బిడ్డ ఉందా? పిల్లలున్న ఇల్లు ఎలా ఉంటుందో నీకేం తెలుసు? దేవుడు ఎవరికి పిల్లల్నిస్తాడో, ఎవరికివ్వడో నువ్వు నాకు చెప్తావా?

కిన్ వాకి ఇంకా కబురు చేయలేదు. అత్తగారు నాతో మాట్లాడటం లేదు.

యోక్ లాన్


కంపార్
15 ఏప్రిల్ 1971

లాన్,

పిండి కలపడం రాసి పంపి నెల దాటింది, దాని మీద ఒక్క ముక్క లేదు. అలిగావా? నా పిండి పాఠం అంత కష్టంగా ఉందా? చెప్పు, మళ్ళీ రాస్తాను.

ఆ పక్కింటి పిల్ల గంజి మింగుతోందా? ఆ పాప నా మనసులోంచి పోవడం లేదు. మొన్న వెదురు మీద ఎగురుతూ ఎగురుతూ ఆగిపోయాను. కుట్టుమిషను లౌ అమ్మ గోడ అవతల్నుంచి "ఏమే హా, ఊపిరాడుతోందా?" అని కేక వేసింది. నేను ఆగితే ఆవిడకి భయమట. ఆ చప్పుడు వింటేనే తను మిషను తొక్కగలదట.

తల్లిని అంత మాట అనకుండా ఉండాల్సింది. ఎవరి తల్లయినా తల్లే. వాళ్ళకి నా మాటలేవీ చదివి వినిపించలేదు కదా?

మన్ యీకి ఎర్రపూల గుడ్డతో గౌను కుట్టించాను. పొడుగు సరిగ్గా తెలియదు, కొంచెం వదులుగానే కుట్టమన్నాను. ఎదిగే పిల్ల.

క్వాయ్ హా


సాండకాన్
1 మే 1971

అక్కా,

గౌను పార్సెలు ఇంకా రాలేదు గానీ, దాని సంగతి రాసిన ఉత్తరం వచ్చి వారమైంది. నువ్వది రాసిన రోజుకి నా ఉత్తరం నీకు చేరలేదు. అప్పట్నుంచీ ఒకటే కోరుకుంటున్నాను, ఆ ఉత్తరం దారిలో తడిసిపోవాలని, సంచీలోంచి సముద్రంలో పడిపోవాలని. కానీ నీ దగ్గర్నుంచి తర్వాత ఒక్క ముక్క రాలేదు. అంటే చేరింది. చదివావు. నువ్వు నాకు ఇంక రాయవేమో.

రాయకపోయినా ఇది చదువు.

ఏప్రిల్ ఇరవై అయిదున మన్ యీ గంజి తాగుతూ ఆగింది. గిన్నె నావైపు తోసి "అమ్మా, వెళ్ళట్లేదు" అంది. ఏడవలేదు. నీళ్ళిచ్చాను. ముక్కులోంచి వచ్చాయి. నేను దాన్ని ఎత్తుకుని చెప్పుల్లేకుండా ఆసుపత్రికి పరుగెత్తాను. పొట్టకి చిల్లు పెట్టి రబ్బరు గొట్టం అమర్చారు, దానిలోంచి పాలు పోస్తాం. అది తన పొట్టవైపు చూసుకుని "ఇంక నాకు నోరక్కర్లేదా?" అని అడిగింది. పూడిన గొంతులోకి మెల్లగా గొట్టం దించి సాగదీస్తారట, ఒకసారి కాదు, ఎన్నోసార్లు. ఒక్కోసారి లోపల చిరిగే ప్రమాదం ఉందని ముందే చెప్పారు. చిరిగితే ఏమవుతుందని అడిగాను. డాక్టరు సంతకం పెట్టమని కాగితం నావైపు జరిపాడు.

ఇప్పుడు అసలు మాట. సీసా నా కాలి పక్కన లేదక్కా. నువ్వు రాసింది చదివినప్పుడే అనుకున్నాను, అక్కకి తెలియదు పాపం, మా ఇంట్లో మన్ యీ ఉంది, పైన పెట్టాలి అని. పైనే పెట్టాను, బియ్యం డబ్బా వెనక. ఆ రోజు బిరడా మెత్తబడి విరిగి ముక్కలు సీసాలో పడ్డాయి. చవుటి నీళ్ళని వడకట్టి నారింజ షర్బత్ సీసాలో పోశాను, దానికి గట్టి మూత ఉంటుందని. బల్ల మీద పెట్టాను. మూత బిగించబోతుంటే వాన మొదలైంది. బట్టలు తీసుకురావడానికి పెరట్లోకి వెళ్ళాను. అంతే. నారింజ సీసా అది ఎన్నిసార్లో చూసింది. నా చేత్తోనే తాగించాను పండక్కి.

నాకు తెలియక చేసింది కాదు. తెలిసి, రెండు నిమిషాలే కదా అనుకున్నాను.

నీ మీద ఎందుకు పెట్టానంటే, నువ్వు దూరంగా ఉన్నావు. ఇక్కడున్న వాళ్ళెవరి మీదా పెట్టలేకపోయాను. నీ కడుపు సంగతి ఎత్తాను. దానికి క్షమించమని అడిగే మొహం లేదు.

కిన్ వా వచ్చారు. ఆయనకి కూడా నువ్వు రాసినట్టే కాలి పక్కన పెట్టానని చెప్పాను. అందరూ అదే అనుకుంటున్నారు.

లాన్


కోట కినబాలు రేవు, ఓడలో
3 మే 1971

లాన్,

ఇది నాకంటే ముందు చేరుతుందో వెనక చేరుతుందో. ఓడ ఇక్కడ రేపటిదాకా ఆగుతుందట. రేవులో తపాలా పెట్టె కనిపించింది, అందుకని రాస్తున్నాను. ఊరికే కూచుంటే ఊపిరాడటం లేదు.

నీ ఉత్తరం ఏప్రిల్ ఇరవై మూడున వచ్చింది. నిలబడే చదివాను. ఆ పూట పిండి కలిపి ఉంది, అలాగే వదిలేసి తలుపు వేశాను. మర్నాడు లౌ అమ్మకి తాళం ఇచ్చాను. మూడోరోజు సింగపూరు రైలెక్కాను. లౌ అమ్మ "ఎప్పుడొస్తావు?" అంది. "పిల్ల మింగినప్పుడు" అన్నాను.

నేను రాసిన ఉత్తరానికి నకలు లేదు గానీ, ఆ ముక్క మాత్రం నాకు నోటికొచ్చు. కాలి పక్కనే పెట్టుకో. ఓడ ఇంజను అదే మాట అంటోంది రోజంతా. నువ్వన్నది నిజం. పిల్లలున్న ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలిసిన ఆడది ఎవరైనా ఆ వాక్యం రాయదు. నన్ను అడిగినందుకు నీకీ శిక్ష పడింది.

ఓడలో ఒకావిడ పక్కన నాలుగేళ్ళ పిల్ల ఉంది. మెట్ల దగ్గర ఆడుతుంటే నేను చెయ్యి పట్టుకుని లాగాను, అది కెవ్వుమంది. ఆవిడ నన్ను తిట్టింది. అప్పట్నుంచీ గదిలోంచి బయటికి రావడం లేదు.

నాకు భయంగా ఉంది లాన్. రేవులో నువ్వు నిలబడి ఉంటే నీ మొహం చూసి చెప్పగలను పిల్ల ఉందో లేదో. నువ్వు రాకపోతే ఎవర్ని అడగాలి? కిన్ వా నన్ను ఇంట్లోకి రానిస్తాడా? రానివ్వకపోతే రేవు దగ్గర సత్రంలో ఉంటాను. ఆసుపత్రి బయట కూచోనిస్తే చాలు.

క్వాయ్ హా


సాండకాన్
20 సెప్టెంబరు 1971

అక్కా,

నువ్వెళ్ళి పదిహేను రోజులు కాలేదు, ఇల్లు బోసిపోయింది. మన్ యీ రోజూ నీ మంచం కింద చూస్తోంది. "పెద్దమ్మ ఓడ తిరగబడిందా?" అని అడిగింది. దీనికి ఇలాంటి మాటలు ఎవరు నేర్పుతారో.

పదిహేనో తారీఖున ఆరోసారి గొట్టం వేశారు. నువ్వు లేకుండా మొదటిసారి. కాళ్ళు ఎవరు పట్టుకుంటారని నర్సు అడిగింది. కిన్ వా పట్టుకోబోయి, అది ఒక్క అరుపు అరిచేసరికి వదిలేసి బయటికి వెళ్ళి గోడకి తల ఆనించుకున్నారు. కలప దుంగలు మోసే మనిషి! ఆఖరికి అత్తగారు వచ్చింది. కళ్ళు సరిగా కనపడని ముసలిది, తడుముకుంటూ వచ్చి రెండు కాళ్ళూ ఒడిలో అదుముకుని కూచుంది. రక్తం కొంచెమే పడింది. డాక్టరు "దారి నిలుస్తోంది" అన్నాడు. మొన్న మెత్తటి అన్నం మూడు ముద్దలు తింది. నాలుగోది ఆగింది. నా ప్రాణం పోయింది. దానంతట అదే రొమ్ము చరుచుకుని మింగేసి "అమ్మా, చూడకు, నువ్వు చూస్తే వెళ్ళట్లేదు" అంది.

అత్తగారు డెబ్బై దాటి మూడు నెలలైంది. పుట్టినరోజునాడు నూడుల్స్ వద్దు, గంజి చాలందని నీకు తెలుసు కదా. ఇప్పుడు కొండమీది ముసలాయన్ని నోటికొచ్చినట్టు తిడుతోంది. "గడప దాటనన్నాడు, నా గడప కాదు వాడు చూసింది" అని ఏడుస్తోంది.

ఒక సంగతి అడగాలి. నువ్వున్న నాలుగు నెలలూ ఎన్నోసార్లు అడగబోయి నోరు పెగల్లేదు. మే ఒకటిన నీకో ఉత్తరం రాశాను. నువ్వప్పటికే ఓడలో ఉన్నావు. అది కంపార్ వెళ్ళి ఉంటుంది. లౌ అమ్మ దగ్గర ఉందా? ఉంటే చదువు. ఇంకా చదవకపోతే ముందు ఈ మాట విను. ఇక్కడ బంధువులందరి ముందూ నేను "మా అక్క రాసినట్టే పెట్టాను" అన్నప్పుడు నువ్వు తల దించుకుని కూచున్నావు. అప్పుడు నోరు తెరిచి చెప్పాల్సింది. చెప్పలేదు. ఒక్కసారి కాదు, ఎన్నోసార్లు చెప్పలేదు. ఆ ఉత్తరం చదివాక నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

మొన్న రాత్రి భోజనాల దగ్గర కిన్ వాకి, అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కిన్ వా చెయ్యి కడుక్కుని వెళ్ళి మన్ యీ పక్కన కూచున్నారు. అత్తగారు మాత్రం "సీసా మార్చుతుంటే నేను చూశాను. నా కళ్ళు మరీ అంత పోలేదు. నువ్వే చెప్తావని ఊరుకున్నాను" అంది.

జవాబు రాయి. తిడుతూ రాసినా రాయి.

నీ చెల్లెలు
యోక్ లాన్


కంపార్
30 సెప్టెంబరు 1971

లాన్,

ఆ ఉత్తరం లౌ అమ్మ దగ్గర లేదు. ఇంట్లో నేను లేనని ఆవిడ దాన్ని కొత్త కవరులో పెట్టి మీ చిరునామాకే తిప్పి పంపింది. మే ఇరవై ఒకటిన మీ వరండాలో తపాలా అతను నా చేతికే ఇచ్చాడు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. ఆ రోజు పిల్ల గొంతులో మొదటిసారి గొట్టం దించే రోజు.

మెట్ల మీద కూచుని చదివాను. రెండోసారి చదివాను. నిజం చెప్పనా, నా ఒళ్ళు మండిపోయింది. నెల్లాళ్ళుగా నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ పిల్ల గొంతు కనపడి మింగలేకపోయేదాన్ని. నేనే చంపాననుకుంటూ సముద్రం దాటి వచ్చాను. బంధువుల ముందు ఎంగిలి విస్తరిలా కూచున్నాను. ఆ కాగితం నీ మొహాన కొట్టి, అదే రోజు ఓడెక్కి పోదామనుకున్నాను. ఎండలో నడుచుకుంటూ ఆసుపత్రికి వచ్చాను, చేతిలో ఉత్తరం పట్టుకుని.

అంతకు ముందు రోజు నీకు గుర్తుందా? పొట్ట గొట్టంలో పాలు పోస్తుంటే నీ చేతులు వణికి పాలన్నీ దుప్పటి మీద పడ్డాయి. నర్సు నీ చేతిలోంచి గరాటు లాక్కుంది. "తల్లి ఇలా ఉంటే పిల్ల ఇంకా బెదురుతుంది, రేపు లోపలికి రావద్దు" అంది. నేను ఆ మాట విన్నాను.

నేను వచ్చేసరికి నువ్వు బెంచీ మీద పిల్లని ఒళ్ళో వేసుకుని కూచున్నావు. అలాగే వణుకుతున్నావు, పిల్ల కాళ్ళు కూడా నీతో పాటు కదులుతున్నాయి. నన్ను చూడగానే లేచావు. "ఇంకా ఎందుకొచ్చావు? చూసి పోదామనా? నీ కాలి పక్కన సీసా ఎలా ఉందో చూసుకో పో!" అని వరండా అదిరేలా అరిచావు. అందరూ తలలు తిప్పారు. నేను ఉత్తరం చూపించబోయాను. అప్పుడు చూశాను నీ చేతులు. వణకడం లేదు. పిల్లని గట్టిగా పట్టుకున్నాయి. తలుపు తీసి నర్సు "ఎవరొస్తారు?" అంటే, "నేనే వస్తాను" అని గట్టిగా చెప్పి లోపలికి నడిచావు.

నా మీద కోపం ఉన్నంతసేపూ నీ చేతులు వణకవు. అందుకని ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత ప్రతిసారీ, గొట్టం వేసే రోజు పొద్దున్న, నేను కావాలనే ఏదో ఒకటి అనేదాన్ని. గంజి పల్చగా ఉందనో, జడ సరిగా వెయ్యలేదనో. నువ్వు కస్సుమని లేచేదానివి. లేచి బాగానే వెళ్ళేదానివి.

ఇంత గొప్పగా రాస్తున్నాను గానీ, నేను దేవతని కాదు. మూడుసార్లు చెప్పేద్దామనుకున్నాను. ఆ తర్వాత మళ్ళీ బంధువుల ముందు తల దించుకున్న రోజు ఉత్తరం నా జేబులోనే ఉంది, వేళ్ళతో దాని అంచు తడుముతూనే ఉన్నాను. ఇప్పుడు నువ్వే అడిగావు గనక చెప్తున్నాను. కాలి పక్కన పెట్టమని రాసిన మాటా నిజమే, నువ్వు దాన్ని పాటించలేదన్న మాటా నిజమే. ఆ వాక్యం నేను రాయకుండా ఉండాల్సింది.

నేను కొట్టు తెరిచాను. మొదటి వారం వెదురు ఎక్కలేకపోయాను. చవుటి నీళ్ళు ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. వీధిలో ఏ పిల్ల గుమ్మంలోకి వచ్చినా లేచి ఆ తాళం మళ్ళీ లాగి చూసుకుంటున్నాను. ఈ భయం పోయేది కాదు, నాకు తెలుసు. నీదీ పోదు.

ఏడోసారి అక్టోబరు ఇరవై ఏడున అని డాక్టరు నాతో చెప్పాడు. నేను పద్ధెనిమిదో తారీఖు ఓడకి చీటీ కొన్నాను. మీ అత్తగారికి చెప్పు, ముసలిదానికి అన్ని మెట్లెక్కే కష్టం వద్దు, కాళ్ళు నేను పట్టుకుంటాను.

ఈసారి నా మీద అరవకుండా దాన్ని లోపలికి తీసుకెళ్ళగలవేమో చూద్దాం. చేతులు వణికితే మాత్రం అరిచెయ్యి. నాకేం కాదు.

క్వాయ్ హా